జల్సాలో నా చావు

ఆడపిల్ల బడికి పోవడమే వింతగా చూసే కాలం అది. అందులోనూ నేను ఇస్లాపూర్‌లో జొన్నచేల మధ్య పుట్టిన తెలుగు పిల్లను. రైలెక్కి నాందేడ్ వచ్చి, మేనమామ ఇంట్లో ఉండి, పొద్దున మరాఠీ, మధ్యాహ్నం ఉర్దూ చదువుతుంటే, సెలవులకు ఊరికి పోయినప్పుడు మా ఆడవాళ్ళు నన్ను ఎగాదిగా చూసి ఈ పిల్లకేదో జబ్బుందని, పట్నంలో మందిప్పిస్తున్నారని అనుకునేవాళ్ళు. (మా అమ్మ అవుననీ కాదనీ అనేది కాదు. చదువు గురించి చెప్పడం కంటే జబ్బు గురించి ఒప్పుకోవడమే ఆమెకు సులువుగా తోచినట్టుంది.) ఆ బడిలో ఒకరోజు జరిగిన జల్సా, అంటే బడి పండగ, గురించి మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ అడిగి చెప్పించుకుంటారు. "అమ్మమ్మ చచ్చి లేచిన కథ" అంటారు దాన్ని. నేనూ వాళ్ళు నవ్వేదాకా చెప్పి ఆపేస్తాను. ఆ తర్వాత జరిగింది కూడా ఈసారి రాద్దామని కూర్చున్నాను.

ఆ ఏడు నాందేడ్‌లో ప్లేగు. ఇళ్ళల్లో ఎలుకలు చచ్చి పడుతున్నాయని తెలియగానే జనం గిన్నెలు, బొంతలు నెత్తిన పెట్టుకుని ఊరు విడిచి గోదావరి అవతలి చేలల్లోకి పోయారు. తడకలూ జొన్నచొప్పా కలిపి గుడిసెలు వేసుకున్నారు. మా మామ నన్ను మొదటి రోజే రైలెక్కించి ఇస్లాపూర్ పంపేశాడు కాబట్టి నేను అదేమీ చూడలేదు. మూడు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి బడికి కొత్తగా సున్నం వేసి ఉంది. బాగుందనుకున్నాను. హాజరీ పిలిచినప్పుడు తెలిసింది. ఉస్తానీ ఒక పేరు పిలిచేది, ఎవరూ పలికేవారు కాదు, కాసేపు ఆగి తర్వాతి పేరుకు పోయేది. డ్రిల్లుకు నిలబడితే వరసల్లో సందులు. "దగ్గరికి జరగండి" అనేది ఉస్తానీ. మేము జరిగేవాళ్ళం. వారం రోజుల్లో వరసలు పొట్టివైపోయి, సందులు లేకుండా చక్కగా కనిపించాయి.

ఉస్తానీ అంటే మా పెద్ద పంతులమ్మ. హైదరాబాద్ నుంచి వచ్చింది. సన్నటి మనిషి. చేతిలో బెత్తం ఉండేది గానీ దాన్ని వాడగా నేను చూడలేదు, ఆమె చూపు చాలేది. ప్లేగు రోజుల్లో అందరూ పారిపోతే ఈమె మాత్రం సూది మందు వేసే డాక్టరు వెంట ఇల్లిల్లూ తిరిగి "మీ పిల్లకు సూది వేయించండమ్మా" అని బతిమాలిందట. ఆమె గొంతు వినపడగానే తల్లులు పిల్లల్ని జొన్నల గుమ్ముల్లో దాచిపెట్టేవాళ్ళట. ఆ కోపం ఆమెకు పోలేదు. అందుకే బడి మళ్ళీ తెరిచాక పెద్ద జల్సా చేస్తానంది. పొద్దున డ్రిల్లు, పరుగు పందేలు, కుట్టు అల్లికల ప్రదర్శన, చివర నాటకం. జిల్లాకంతా పెద్ద అధికారి తాలూక్‌దారు; ఆయన భార్య బేగం గారు ముఖ్య అతిథి. ఊళ్ళోని ఆడవాళ్ళందరికీ పిలుపు. మగపురుగు లోపలికి రాకుండా బడి చుట్టూ కనాతులు, అంటే గుడ్డ తెరలు, కట్టిస్తారు. నాటకం ఉస్తానీ తానే రాసింది. సూది మందుకు భయపడిన తల్లి, జ్వరం వచ్చి చచ్చిపోయే బిడ్డ, చివరన వచ్చి అందరికీ బుద్ధి చెప్పే నర్సు. అంతే.

నాకు మొదట స్వాగతం చెప్పే పని ఇచ్చారు. "ఖుష్ ఆమదీద్" అనాలి. మా ఇస్లాపూర్ నాలుకకు ఆ మాట ఎంత తిప్పినా "కుసామద్ ది" అనే వచ్చేది. పక్కన పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. "ఖుషామద్ అంటే ముఖస్తుతి బేటీ. పెద్దమనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే నిన్ను ముఖస్తుతి చేస్తున్నామని చెప్తావా?" అంది ఉస్తానీ. (ఇప్పుడు ఆలోచిస్తే నేనన్నదే నిజానికి దగ్గరగా ఉంది.) మరాఠీలో నాలుగు మాటలైనా చెప్పమంటే అవీ తెలుగులా వినపడ్డాయి. ఉస్తానీ చాలాసేపు నన్ను చూసి, చివరికి ప్రేమగానే అంది: "తూ మర్ జా, బేటీ." నువ్వు చచ్చిపో బిడ్డా అని. అట్లా నాకు శవం వేషం వచ్చింది. మాటలుండవు, కళ్ళు మూసుకుని పడుకుంటే చాలు. నేను చాలా సంతోషించాను. మా అత్తకు మాత్రం నిద్రపోయే పిల్ల వేషమని చెప్పాను. ప్లేగు వెళ్ళిన ఊళ్ళో, తన ఇంట్లో పెరుగుతున్న పరాయి పిల్ల శవమవుతుందంటే మా అత్త బడిని తగలబెట్టి ఉండేది.

నా తల్లి వేషం ముఖేడక్కకు ఇచ్చారు. వాళ్ళ నాన్న ముఖేడ్ నుంచి కూలికి వచ్చి పత్తి ప్రెస్సులో మూటలు మోసేవాడు. అందుకని ఆ పిల్లకు అందరం పెట్టుకున్న పేరది. నాకంటే మూడేళ్ళు పెద్దది, పొడుగు. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, ఉస్తానీ దగ్గర ఉర్దూ, మూడూ నీళ్ళలా మాట్లాడేది. బళ్ళో నాకున్న తెలుగు తోడు ఆమె ఒక్కతే. ప్లేగుకు ముందు తన చెల్లెల్ని కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. ఆరేళ్ళ పిల్ల, చిట్టి అనేవాళ్ళం. నా పలక మీద బలపం పెట్టి మరిచిపోతే అది తినేసేది. తిరిగొచ్చాక ముఖేడక్క ఒంటరిగా కనపడితే "చిట్టేదక్కా?" అని అడిగాను. "లేదు" అంది, ఇంట్లో ఉప్పు లేదన్నంత మామూలుగా. నాకు పదకొండేళ్ళు. ఇంకేం అడగాలో తెలియలేదు.

రిహార్సళ్ళలో ముఖేడక్క మాటలన్నీ గడగడా చెప్పేది. నేను చచ్చిపోయాక ఏడవాల్సిన చోటికి రాగానే మొహం రాయిలా అయిపోయేది. "రో, బేటీ, రో! నీ బిడ్డ పోయింది! నీకేమీ అనిపించడం లేదా?" అని ఉస్తానీ అరిచేది. ముఖేడక్క నోరు తెరిచి "ఊఁ ఊఁ" అనేది, దూడ తప్పిపోయిన ఆవులా. పిల్లలు నవ్వేవాళ్ళు. నేను చచ్చి పడుకుని నవ్వు ఆపుకునేదాన్ని. ఒక సాయంత్రం బడి వెనక గోడ దగ్గర ఇద్దరమే కూర్చున్నప్పుడు ఆమె అంది:

"నాకు ఏడుపు రాదే."

"ఎందుకక్కా?"

"గుడిసెల ఉన్నప్పుడు చిట్టి సచ్చిపోయింది. తెల్లారుతుండంగ. బాపు అన్నడు, నోర్లు ముయ్యుండ్రి, ఏడుపు ఇనవడ్డదంటే పక్క గుడిసెలోల్లు మనల్ని ఈడికెల్లి ఎల్లగొడ్తరు అని. అవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. నేను గూడ కుక్కుకున్న. బాపు దాన్ని చద్దర్ల సుట్టి, జొన్నసొప్ప మోపు లెక్క బుజం మీద ఏసుకొని పోయిండు."

"తర్వాత?"

"తర్వాతేంది? ఎవ్వలడిగినా జరమచ్చి పండుకున్నదని చెప్పినం. మూడొద్దులు గట్లనే చెప్పినం. ఇంటికచ్చినంక ఏడుద్దామంటే రాకపాయె. అవ్వకు గూడ రాలే. అవ్వ ఇప్పుడు మాట్లాడనే మాట్లాడదు."

ఇదంతా విన్న తర్వాత పెద్దవాళ్ళెవరైనా ఏం చేసేవాళ్ళో నాకు తెలియదు. నేను చాలా ఆలోచించి, "అక్కా, నేను ఉల్లిగడ్డ తెస్త" అన్నాను.

జల్సా రోజు పొద్దున్నే బడి ఆవరణంతా కనాతులు కట్టారు. బేగం గారు టాంగాకు తెరలు దించుకుని వచ్చారు. ఖుష్ ఆమదీద్ వేరే పిల్ల చెప్పింది, చక్కగానే చెప్పింది. డ్రిల్లులో మేము పొట్టి వరసల్లో నిలబడి చేతులు పైకెత్తాం, దించాం. సూదిలో దారం ఎక్కించి పరుగెత్తే పందెంలో నేను సూది ఎక్కడో పడేసుకుని, దారం ఒక్కటే పట్టుకుని అందరికంటే ముందు గీత దాటాను. ఓడిపోయావని చెప్పారు. బిందె నెత్తిన పెట్టుకుని నడిచే పందెంలో ముఖేడక్క గెలిచింది. చప్పట్లు కొడితే ఇబ్బందిగా చూసి, బిందె దించి నీళ్ళు చెట్టు మొదట్లో పోసి వచ్చింది. మా అత్త ముందు వరసలో కూర్చుని పక్కావిడకు "మా పిల్లది నిద్రపోయే ఏషం. ఇంట్ల గూడ మంచిగ నిద్రపోతది" అని చెబుతోంది.

నాటకం బడి వరండాలో. రెండు చీరలు తెరలు. నేను మంచం మీద పడుకున్నాను. కోసిన ఉల్లిగడ్డ ముక్క నా పిడికిట్లో ఉంది. నేను చచ్చాక ముఖేడక్క నా చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, ఆ ముక్క తీసుకుని కళ్ళకు రాసుకోవాలని మా ఒప్పందం. ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు ఏడవాలి, తర్వాత నర్సు వస్తుంది. నేను అనుకున్న సమయానికే మూడుసార్లు ఎగశ్వాస తీసి చచ్చాను. మొహం మీద తెల్లబట్ట కప్పారు. వెంటనే జనంలోంచి మా అత్త గొంతు: "అయ్యో, పిల్ల మొకమ్మీద బట్ట కప్పిండ్రేందే!" ఎవరో ఆమెను కూర్చోబెట్టారు. బట్ట కింద ఉల్లి ఘాటుకు నా కళ్ళల్లోంచే ధారగా నీళ్ళు కారుతున్నాయి. అప్పటిదాకా బాగానే చచ్చాను.

ముఖేడక్క నా చెయ్యి పట్టుకోలేదు. ఏం చేస్తోందో నాకు కనపడదు. మరిచిపోయిందేమోనని పిడికిలి కొంచెం ముందుకు జరిపాను. అప్పుడు ఆమె నా మీద పడింది. ఆ బరువుకు నాకు ఊపిరాడలేదు. ముందు ఏదో గొంతులో ఇరుక్కున్నట్టు చప్పుడు, తర్వాత "చిట్టీ" అని పిలుపు. నాటకంలో నా పేరు అది కాదు. "చిట్టీ, ఓ చిట్టీ, లెవ్వే బిడ్డా, బడికి పోదాం లెవ్వే." ఉర్దూ లేదు, మరాఠీ లేదు. జనంలో ఆడవాళ్ళు ముక్కులు చీదడం వినపడింది. అబ్బా ఎంత బాగా వేస్తోంది అని బేగం గారు అన్నారట. ఇరవై అంకెలు అయిపోయాయి. నలభై అయ్యాయి. తెర పక్క నుంచి ఉస్తానీ "బస్, బేటీ, బస్" అంటోంది. ఆమె ఆపలేదు. నా భుజాలు పట్టుకుని ఊపుతోంది. నాకు భయం వేసింది. అక్కకేదో అయిపోతుందనిపించింది. నేను చచ్చిపోయానని నిజంగానే నమ్మిందేమో అనుకున్నాను. ఇంతకంటే తెలివి తక్కువగా ఆలోచించడం పదకొండేళ్ళ పిల్లకు కూడా కష్టమే, కానీ నేను ఆలోచించాను. మొహం మీది బట్ట తీసేసి, లేచి కూర్చుని, గట్టిగా అన్నాను:

"ఏడ్వకక్కా! నేను సచ్చిపోలే! మంచిగనే ఉన్న!"

ముందు పత్తి ప్రెస్సు గల్లీ తెలుగు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత నా ఎర్రటి కళ్ళూ, కారుతున్న ముక్కూ, చేతిలో ఉల్లిగడ్డా చూసి అందరూ నవ్వారు. "ముర్దా ఉఠ్ గయా!" శవం లేచిందని బేగం గారు పడీ పడీ నవ్వుతున్నారు. అంతవరకూ తెర చాటున నిలబడ్డ నర్సు పిల్లకు ఏం చేయాలో తెలియక, తనకు నేర్పింది నేర్పినట్టే లోపలికొచ్చి, మంచం మీద కూర్చుని ఉన్న నావైపు చెయ్యి చూపించి, "అఫ్సోస్! బచ్చీ మర్ చుకీ హై" అంది. బిడ్డ చచ్చిపోయిందని చెప్పిందన్నమాట. ఇక ఆ నవ్వులు ఆగలేదు. మా ఇంట్లో పిల్లలకు నేను కథ ఆపేది ఇక్కడే.

చీర తెర ముందుకు లాగేశారు. తెర వెనక ముఖేడక్క నా చెంప మీద ఛెళ్ళున కొట్టింది.

"ఎందుకు లేస్తివే? అచ్చింది గదనే! ఇన్ని దినాలకు అచ్చింది! నన్ను ఏడ్వనియ్యకపోతివి!"

అంతే అంది. మళ్ళీ మొహం రాయిలా అయిపోయింది. తెర అవతల ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వులోకి నన్ను పిలిచి, బేగం గారు తన చేత్తో ఎర్ర గాజుల పెట్టె బహుమానం ఇచ్చారు, అందరికంటే ఎక్కువ నవ్వించినందుకు. చెంప మంటతో సలాం చేసి తీసుకున్నాను. ఉస్తానీ మాత్రం నవ్వలేదు. సూది మందు గురించి నర్సు చెప్పాల్సిన నాలుగు మాటలూ ఎవరూ వినలేదు కదా. ఆమె ఒక్కతే వరండా చివర నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయింది. ప్లేగుకు పోయిన పిల్లలందరి పేర్లూ హాజరీలో ఆమే పిలిచేదని నాకు అప్పుడు గుర్తు రాలేదు.

జల్సా ముగిసేసరికి పొద్దు కొంచెం వాలింది. మా అత్త ఎవరితోనో మాటల్లో ఉంటే, గాజుల పెట్టె ఆమె పక్కన పెట్టేసి, నేను సందులమ్మట పరుగెత్తి ముఖేడక్క ఇంటికి పోయాను. ఒక్క గది ఇల్లు. ముందు కొంచెం అరుగు. ఆమె గిన్నెలు తోముతోంది. నన్ను చూసి తల తిప్పుకుంది.

"ఎందుకచ్చినవ్?"

"అక్కా, నేను మల్ల పండుకుంట. ఈసారి లెవ్వ. నువ్వు ఏడువు."

ఆమె బూడిద చేతులతో అట్లాగే నన్ను చూసింది. తర్వాత నవ్వింది. ప్లేగు తర్వాత ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. "పిచ్చిదానివా ఏందే?" అంది. నేను అప్పటికే లోపల నేల మీద పడుకుని, ఓణీ మొహం మీదికి లాగేసుకున్నాను.

"లెవ్వే, ఎవ్వలన్న సూస్తరు."

"లెవ్వ."

"లెవ్వకుంటే మల్ల కొడ్త."

"కొట్టు. సచ్చినోల్లకు దెబ్బ తగల్ది."

ఆమె మళ్ళీ నవ్వబోయి ఆగిపోయింది. వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ళింట్లో నేల చల్లగా ఉంది, వీపు కింద ఏదో గులకరాయి ఉంది. ఇంతలో గుమ్మం దగ్గర కట్టెల మోపు పడిన చప్పుడైంది. వాళ్ళ అమ్మ వచ్చింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. చచ్చిన బిడ్డ వేషం వేసుకుని చచ్చిన బిడ్డ ఇంట్లో పడుకున్న దాన్ని ఏ తల్లయినా ఊరుకుంటుందా? కళ్ళు గట్టిగా మూసుకుని దెబ్బ కోసం చూస్తున్నాను. ఆమె వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. నా పాదం మీద చెయ్యి పెట్టింది. గరుకు చెయ్యి. పాదం మొత్తం ఆ చేతిలో ఇమిడిపోయింది.

"నీళ్ళన్న పొయ్యకపోతి బిడ్డా" అంది. "నెత్తిన ఇన్ని నీళ్ళన్న పొయ్యకపోతి. మురికి కాళ్ళతోనే పోతివి గదనే."

ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. ఏడుపు విని పక్కింటివాళ్ళు వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఒకామె వచ్చి గోడకానుకుని కూర్చుని తన కొడుకు పేరు పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఇంకొకామె తన మొగుణ్ణి తలుచుకుంది. ఆ గల్లీలో ప్లేగు వెళ్ళని ఇల్లు లేదు. మధ్యలో నేను. ఒక ఈగ నా ముక్కు మీద ఓణీ పైనుంచి నడుస్తోంది. ఎడమకాలు తిమ్మిరెక్కింది. ఒంటికి పోవాలనిపిస్తోంది, అదీ గట్టిగా. కదల్లేదు. నా జీవితంలో నేను ఇంత గొప్ప పని ఇంకొకటి చేసినట్టు గుర్తు లేదు.

చివరికి ముఖేడక్క నా బొటనవేలు నొక్కి "సాలు, ఇగ లెవ్వు" అంది. లేవబోతే తిమ్మిరెక్కిన కాలు నిలబడక ఆ ఆడవాళ్ళ మీదికే తూలి పడ్డాను. శవం లేచి మీద పడితే ఎట్లా ఉంటుంది? ఇద్దరు కేకలు పెట్టి బయటికి పరుగెత్తారు. మిగిలినవాళ్ళు నన్ను గుర్తుపట్టి, ఏడ్చిన మొహాలతోనే నవ్వారు. వాళ్ళమ్మ నవ్వలేదు. లోటాతో నీళ్ళు తెచ్చి, నా రెండు కాళ్ళూ కడిగింది. వేళ్ళ సందుల్లో మట్టి కూడా పోయేలా కడిగి, కొంగుతో తుడిచి, "పో బిడ్డా, పొద్దువోతున్నది, మీ అత్త ఎతుకుతది" అంది. ఆమె నాతో అన్న మొదటి మాటలు అవి.

అత్త వెతికింది, దొరకబుచ్చుకుంది. నేను చేసిన పని గల్లీవాళ్ళు ముందే చేరవేశారు. బావి దగ్గర నిలబెట్టి, నెత్తి మీద బిందె తర్వాత బిందె చన్నీళ్ళు గుమ్మరిస్తూ, "ఒక్క దినంల రెండుమాట్ల సస్తవానే? మీ అవ్వకు నేనేం జవాబు జెప్పాలె?" అని తిట్టింది. తిడుతూ తిడుతూ మధ్యలో నన్ను దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. తన చీరంతా తడిసిపోయింది. అది చూసుకుని మళ్ళీ తిట్టింది.

ముఖేడక్క ఎండాకాలం దాకా బడికి వచ్చింది. తర్వాత వాళ్ళు ఎక్కడో పని దొరికిందని నాందేడ్ విడిచి పోయారు. ఆమె మళ్ళీ కనపడలేదు. ఆమె అసలు పేరు కూడా నాకు గుర్తు లేదు, హాజరీలో ఏదో ఉండేది.

ఆ తర్వాత నేను ఎన్నో చావు ఇళ్ళకు పోయాను, వయసు పెరిగితే అవే ఎక్కువ పిలుపులు. మొన్న కూడా ఒక ఇంటికి పోయాను. ఆ ఇంటావిడ చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు, పెద్ద కొడుకు పోయాడు. ఆమె రాయిలా కూర్చుని ఉంది. నేను ఆమె పక్కన కూర్చుని, దైవసంకల్పం గురించి నాలుగు మాటలు చెప్పాను. గుండె దిటవు చేసుకొమ్మన్నాను. వాళ్ళిచ్చిన టీ తాగాను. అందరూ నన్ను, పెద్ద మనిషి, ఎంత బాగా మాట్లాడుతుందో అన్నట్టు చూశారు. దారిలో టాంగాలో కూర్చున్నాక నాకు నా మీదే నవ్వు వచ్చింది. ఇన్నేళ్ళు చదివి, మూడు భాషలూ తప్పులు లేకుండా నేర్చుకుని, చివరికి ఆ ఇంట్లో నేలంతా ఖాళీగా ఉన్నా ఒక్క క్షణం కూడా పడుకోలేకపోయాను.